355 కేజీల యూజర్‌తో మూడు రోజులు: గుర్రం మీద ట్రిప్‌కి ఏ గ్యాడ్జెట్ ఎక్కడ పెట్టుకోవాలి?

ఫోన్ బరువు గురించి మేము ఎంత గొడవ చేస్తామో మీకు తెలిసిందే. 190 గ్రాములైతే "చేతిలో హాయిగా ఉంది" అంటాం. 230 దాటితే "జేబు లాగేస్తోంది" అని మైనస్ పాయింట్లలో రాస్తాం. ఈసారి ఆ బరువు మోసింది జేబు కాదు, చుక్కి. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న మార్వాడీ ఆడగుర్రం. కొన్నది మా బావే కానీ మేత ఖర్చులో సగం నాది కాబట్టి సగం గుర్రం నాదేనని నా వాదన. ఏ సగం అని బావ ఇప్పటిదాకా తేల్చలేదు.

అక్కా బావలు ఉండేది జూబ్లీహిల్స్‌లో, నేను ఉండేది ఫిల్మ్‌నగర్‌లో అద్దె గదిలో. గుర్రాలు మాత్రం ఈ రెండు చోట్లా ఉండవు. చెక్‌పోస్ట్ ట్రాఫిక్‌లో మనుషులకే చోటు లేదు. నగరంలో సొంత గుర్రం ఉన్నవాళ్లు ఎక్కువమంది అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు స్టేబుళ్లలో పెడతారు. మావీ అటే. గత డిసెంబర్‌లో అక్కడి నుంచి అనంతగిరి కొండల దాకా, రోజుకి 20 కిలోమీటర్ల లెక్కన మూడు రోజులు వెళ్లాం. నేను చుక్కి మీద, బావ తన బుల్లెట్ మీద. పేరు చూసి బైక్ అనుకోకండి, అది రేసుల నుంచి రిటైరైన గుర్రం. వెనకాల పికప్ బండిలో సైస్ అన్న, మేత, మిగతా సామాన్లు.

ట్రిప్ ఫొటోలు చూసిన ఫ్రెండ్స్ అందరూ ఒకటే అడిగారు: "ఏమేం గ్యాడ్జెట్లు తీసుకెళ్లావ్ బ్రో?" నా దృష్టిలో ఇక్కడ ఏమేం తీసుకెళ్లామన్నది రెండో ప్రశ్న. ఎక్కడ పెట్టుకున్నామన్నది మొదటిది. బైక్ ట్రిప్‌లో మీరు కింద పడితే బైక్ కూడా అక్కడే పడి ఉంటుంది. గుర్రం అలా కాదు. మీరు పడ్డాక అది వెళ్లిపోతుంది. దాని మీద ఉన్నవన్నీ దానితోపాటే వెళ్లిపోతాయి.

సినిమాలో లగేజీ ఉండదు

మన హీరోల గుర్రాలను ఒకసారి గుర్తు చేసుకోండి. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'లో కృష్ణ, 1990లో 'కొదమ సింహం'లో చిరంజీవి, 2009లో 'మగధీర'లో రామ్‌చరణ్. మైళ్లకు మైళ్లు స్వారీ చేస్తారు గానీ సరైన సామాను కనిపించదు. 2022లో వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్' బ్రిడ్జి సీన్‌లో ఒకరు గుర్రం మీద, ఒకరు మోటార్‌సైకిల్ మీద వస్తారు కదా. మొత్తం లగేజీ ఒక తాడు, ఒక జెండా. (తాడు మాత్రం నిజంగా పనికొస్తుంది. నా లిస్టులో కూడా ఉంది.)

షూటింగులకి గుర్రాలు తెచ్చే ఒకాయన మా వీధి చివర టీ కొట్టు దగ్గర పరిచయం. జీను సంచులు నిండుగా కనిపించాలంటే లోపల స్పాంజ్ కుక్కుతారని ఆయనే చెప్పాడు. "బరువు పెడితే రెండో టేక్‌కే గుర్రం అలిసిపోతది సార్. మీరు మాత్రం నిజం సామాన్ పెట్టుకొని పోతమంటున్రు" అని నవ్వాడు. ఆయన నవ్వింది ఎందుకో బరువు లెక్క వేస్తేనే అర్థమైంది.

2 కిలోల బడ్జెట్

గుర్రం తన బరువులో సుమారు 20 శాతం దాకా మోయగలదని చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. అది పైహద్దు మాత్రమే. ఎండలో, గుట్టల్లో అంతకంటే తక్కువే ఉండాలి. ఈ 20 శాతంలో రైడర్, జీను, సామాను అన్నీ కలిసే ఉంటాయి. మరి గుర్రాన్ని తూచేదెలా? టైలర్ టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, ఆ అంకెను అదే అంకెతో గుణించండి. వచ్చినదాన్ని భుజం నుంచి పిరుదు దాకా ఉన్న పొడవుతో గుణించి, 11,900తో భాగించండి. చుక్కి చుట్టుకొలత 165, పొడవు 155. కాలిక్యులేటర్ చెప్పింది 355 కిలోలు. కచ్చితంగా కాటా లెక్క కాకపోయినా ప్లానింగ్‌కి సరిపోతుంది.

355లో 20 శాతం అంటే 71. నేను 58 కిలోలు. బూట్లు, హెల్మెట్, బట్టలు రెండున్నర. జీను, దాని కింద వేసే మెత్త, కళ్లెం కలిపి ఏడున్నర. మొత్తం 68. మిగిలింది 3 కిలోలు. అందులో లీటరు నీళ్లకే కిలో పోయింది. అంటే మూడు రోజుల ట్రిప్‌కి గుర్రం మీద నాకున్న మొత్తం స్టోరేజ్ 2 కిలోలు. ఎక్స్‌పాండబుల్ కాదు, మెమరీ కార్డ్ స్లాట్ లేదు.

బావ పరిస్థితి ఇంకా ఘోరం. బుల్లెట్ 460 కిలోలు, కాబట్టి హద్దు 92. బావ ఒక్కడే 84. జీను, బూట్లు కలిపితే 94న్నర. నీళ్ల సీసా కూడా పెట్టకముందే ఓవర్‌లోడ్. "రెండున్నర కిలోలు తగ్గితేనే గుర్రం ఎక్కేది" అని అక్క ఖరాఖండిగా చెప్పేసింది. నవంబర్ అంతా ఆ ఇంట్లో రాత్రిళ్లు జొన్న రొట్టె ఒక్కటే. బావ మూడు కిలోలు తగ్గాడు. ఆ అర కిలో మిగులుని కెమెరాకి వాడుకుంటానని బేరం పెట్టాడు కూడా.

నా 2 కిలోల్లో చివరికి చోటు దక్కినవి ఇవి: కేస్‌తో ఫోన్ 225 గ్రాములు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 215, పొట్టి కేబుల్ 25, హెడ్‌ల్యాంప్ 85, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీసే ఇనప కొక్కెం 110, తాడు 420, ఫస్ట్ ఎయిడ్ 380. మొత్తం 1,460. మిగతాది పల్లీ పట్టీలకి, ఒక చిన్న రెయిన్ జాకెట్‌కి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, ల్యాప్‌టాప్, డ్రోన్, ట్రైపాడ్, నా నాలుగు జతల బట్టలు అన్నీ పికప్‌లోకే పోయాయి. పికప్ లేకుండా సొంత గుర్రం మీద హాలిడే అంటే, బట్టల విషయంలో మీరు సన్యాసి అయిపోవాల్సిందే.

పవర్ బ్యాంక్ గురించి ఒక మాట. డబ్బా మీద 10,000 అని ఉన్నా అది లోపలి సెల్ వోల్టేజ్ దగ్గర కెపాసిటీ. 5 వోల్టులకి మారి ఫోన్‌కి చేరేసరికి చేతికొచ్చేది 6,000 చిల్లర. పగలు స్క్రీన్ ఆఫ్ చేసి జీపీఎస్ ట్రాక్ మాత్రం రికార్డ్ చేస్తే నా ఫోన్‌కి అది రెండు రోజులకి సరిపోయింది. ఇన్‌స్టాలో కనిపించే ఫోల్డింగ్ సోలార్ ప్యానెళ్లను గుర్రం వెనక పరిచే ఆలోచన మానుకోండి. గుర్రం ఎటు తిరిగితే ప్యానెల్ అటు తిరుగుతుంది, సగం సేపు నీడలోనే ఉంటుంది. పైగా గాలికి టపటపమంటే గుర్రం ఊరుకోదు.

పాత చీరలు, రింగ్‌టోన్

దాని ముందటి చలికాలం ఏం జరిగిందో చెప్పాలి. బావ ఒక్కడే ఒక రోజు రైడ్‌కి వెళ్లాడు. నేను, సైస్ అన్న పికప్‌లో రోడ్డు మీదుగా వస్తున్నాం. చేవెళ్ల దాటాక బావ మట్టిబాట పట్టాడు. అక్కడ ఒక మొక్కజొన్న చేను. అడవి పందులు రాకుండా చేను చుట్టూ పాత చీరలు కట్టారు, మీరూ చూసే ఉంటారు. గాలికి ఒక చీర ఒక్కసారిగా పైకి లేచింది. బుల్లెట్ బెదిరి పక్కకి దూకింది, బావ కింద పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది. ఫోన్ జీను సంచిలో ఉంది.

సరిగ్గా అప్పుడే అక్క ఇంటి నుంచి కాల్ చేసింది. పరిగెత్తుతున్న గుర్రం నడుం పక్కన ఫోన్ ఫుల్ వాల్యూమ్‌లో మోగడం మొదలైంది. గుర్రానికి అది ఫోన్ అని తెలియదు కదా. తన ఒంటికే ఏదో అతుక్కుని అరుస్తోందనుకుని ఇంకా వేగంగా పోయింది. బావ ఎత్తడం లేదని అక్క మళ్లీ చేసింది. మళ్లీ మోగింది. రెండు కిలోమీటర్లకి పైగా అలా పోయి, తారు రోడ్డు ఎక్కబోతుండగా ఊళ్లోవాళ్లు పట్టుకున్నారు. ముందు కాలు గీరుకుపోయి రక్తం. రోడ్డు మీద లారీ ఏదైనా వచ్చి ఉంటే ఈ ఆర్టికల్ ఉండేది కాదు.

బావని కనుక్కున్నది గొర్రెలు కాసే ఒక పెద్దాయన. ఆయన దగ్గర కీప్యాడ్ ఫోన్, దానికి ఫుల్ సిగ్నల్. "ఫోన్ గుర్రం మీదనే పోయిందా సార్? మరి నీ మీద ఏం పెట్టుకున్నవ్?" అని అడిగాడట. అక్క నంబర్ బావకి నోటికి వచ్చు కాబట్టి సరిపోయింది. మీలో ఎంతమందికి ఇంట్లోవాళ్ల నంబర్ ఒక్కటైనా చూడకుండా వచ్చు?

అందుకే ఈసారి మా ఒక్కటే రూల్: ఫోన్ మనిషి ఒంటి మీద, గుర్తింపు గుర్రం ఒంటి మీద, మిగతాదంతా బండిలో.

ఫోన్: ఒంటి మీదే, కానీ ఎక్కడ?

వెనక జేబు వద్దు, కూర్చున్న మొదటి పది నిమిషాల్లోనే జారిపోతుంది. వెన్నుపూస మీదకి వచ్చే బ్యాగ్ అసలే వద్దు. వెల్లకిలా పడితే ఫోన్ గట్టి పలకలా వెన్నుకి తగులుతుంది. నేను తొడ పక్కన జిప్ జేబు ఉన్న ప్యాంట్ వాడాను, బావ జబ్బకి కట్టే ఆర్మ్‌బ్యాండ్. 6.7 అంగుళాల ఫోన్ ఆర్మ్‌బ్యాండ్‌లో రాత్రి పెళ్లి ఊరేగింపులో ట్యూబ్‌లైట్ మోసేవాళ్లలా కనిపించింది. చిన్న ఫోన్లు రావడం లేదని మేము ఏడ్చేది ఇందుకే మరి.

జీనుకి మౌంట్ పెట్టి ఫోన్‌ని మ్యాప్‌లా చూసుకుంటూ వెళ్దామనుకునేవాళ్లకి నా సలహా, వద్దు. ఐఫోన్‌ని మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కి బిగిస్తే ఇంజన్ వైబ్రేషన్‌కి కెమెరాలోని స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. గుర్రానికి ఇంజన్ లేదు, ఒప్పుకుంటా. కానీ గుర్రం దౌడు తీస్తే మౌంట్‌తో సహా ఫోన్ పోతుంది. మౌంట్ వద్దనడానికి అది చాలు.

వాటర్‌ప్రూఫ్ రేటింగ్ గురించి కూడా చెప్పాలి. ఐపీ67, ఐపీ68 టెస్టులు మంచినీళ్లలో చేస్తారు. గుర్రం చెమట ఉప్పగా, నురగలా ఉంటుంది. సాయంత్రం తడి గుడ్డతో ఫోన్ తుడిచి, ఛార్జింగ్ పోర్ట్ పూర్తిగా ఆరాకే కేబుల్ పెట్టండి.

బయల్దేరేముందు రెండు సెట్టింగులు చూసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ పని చేసేలా పెట్టుకోండి. లాక్ స్క్రీన్ మీద బ్లడ్ గ్రూప్, ఇంటివాళ్ల నంబర్ కనిపించాలి. 112కి చేసే కాల్, మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా దగ్గర్లో వేరే నెట్‌వర్క్ ఉంటే దాని మీదుగా వెళ్లే వీలుంది. గుర్రానికి దెబ్బ తగిలితే పశువైద్యానికి 1962. తెలంగాణలో ఇది 2017 నుంచి ఉంది. అయితే వాళ్లు ఎక్కువగా చూసేది ఆవులు, గేదెలు, గొర్రెలు. కాబట్టి గుర్రాలు తెలిసిన డాక్టర్ నంబర్ కూడా సేవ్ చేసుకోండి.

స్మార్ట్ వాచీలో ఫాల్ డిటెక్షన్ ఉంటే ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి. యాపిల్ వాచ్‌లో అది వయసు 55 దాటినవాళ్లకే తనంతట తాను పూర్తిగా ఆన్ అవుతుంది. మన వయసువాళ్లం సెట్టింగ్స్‌లోకి వెళ్లాల్సిందే. ఇక స్టెప్ కౌంట్ సంగతి మర్చిపోండి. మొదటి రోజు సాయంత్రానికి నేను 20 వేల అడుగులు నడిచానని వాచీ కంగ్రాచులేషన్స్ చెప్పింది. నడిచింది చుక్కి.

కొందరు శాటిలైట్ గురించి అడిగారు. ఐఫోన్ 14 నుంచి ఉన్న శాటిలైట్ ఎస్‌ఓఎస్ నేను రాసే సమయానికి ఇండియాలో లేదు. అమెజాన్ అడవుల వీడియోల్లో కనిపించే శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసెంజర్లు మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడకూడదు. విదేశాల నుంచి బాబాయి తెచ్చిచ్చాడని బ్యాగులో వేసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో రివ్యూ రాయాల్సిన పని పెట్టుకోకండి.

గుర్రం మీద ఏముండాలి?

ఇక్కడ నేను మూడు రకాల ట్రాకర్లు చుక్కి మీదే టెస్ట్ చేశాను. ఒకటి ఎయిర్‌ట్యాగ్, ఒకటి గూగుల్ నెట్‌వర్క్‌తో పనిచేసే బ్లూటూత్ ట్యాగ్, ఒకటి సిమ్ కార్డ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్. రెండో రోజు మధ్యాహ్నం చుక్కిని ఒక మామిడి తోటలో సైస్ అన్నకి అప్పగించి, నేను పికప్‌లో ఊళ్లోకి వెళ్లి కూర్చున్నాను.

ఎయిర్‌ట్యాగ్‌కి సొంతంగా జీపీఎస్ లేదు. పక్కన వెళ్లే యాపిల్ డివైజ్ దాన్ని బ్లూటూత్‌లో గమనిస్తేనే లొకేషన్ మీకు చేరుతుంది. ఫిల్మ్‌నగర్‌లో అది కన్ను మూసి తెరిచేలోగా దొరుకుతుంది, ప్రతి కారులో ఒక ఐఫోన్ ఉంటుంది కాబట్టి. మామిడి తోటలో సాయంత్రం దాకా లొకేషన్ కదల్లేదు. పెంపుడు జంతువుల కోసం దీన్ని తయారు చేయలేదని యాపిల్ కూడా చెబుతుంది. గూగుల్ ట్యాగ్‌పై ఆశ పెట్టుకున్నాను, ఊళ్లో అందరివీ ఆండ్రాయిడ్లే కదా అని. కానీ ఆ నెట్‌వర్క్ డిఫాల్ట్ సెట్టింగ్ ప్రైవసీ కోసం జనం రద్దీగా ఉండే చోట్లకే పరిమితం. చేనులో రద్దీ అంటే గొర్రెలే.

సిమ్ ట్రాకర్ ఒక్కటే పని చేసింది. నిమిషానికోసారి అప్‌డేట్ పెడితే బ్యాటరీ ఒక రోజు పైన కాస్త వచ్చింది. గుట్టల మధ్య సిగ్నల్ లేని చోట ఆగి, సిగ్నల్ రాగానే పాత పాయింట్లు కూడా పంపింది. నా ఓటు దానికే. సిమ్ మాత్రం ఆ దారిలోని ఊళ్లలో ఏ నెట్‌వర్క్ బాగుందో అడిగి వేసుకోండి, హైదరాబాద్ స్పీడ్ టెస్టులు చూసి కాదు.

అయినా, మూడింటికంటే ముందు కొనాల్సింది ఇంకొకటుంది. రెండు వందల లోపు ఖర్చుతో చెక్కించిన లోహపు బిళ్ల. ఒకవైపు అక్క నంబర్, ఇంకోవైపు స్టేబుల్ నంబర్, తెలుగులో "ఫోన్ చేయండి" అని ఒక ముక్క. రైడర్ నంబర్ వేయొద్దు, రైడర్ ఎక్కడో పడి ఉంటాడు కదా. గుర్రాన్ని పట్టుకున్న మనిషికి యాప్ అక్కర్లేదు, చదవడం వస్తే చాలు. ట్రాకర్ అయినా బిళ్ల అయినా గట్టి నైలాన్ పట్టీతో కట్టకండి. కొమ్మకి తట్టుకుంటే గుర్రం మెడ విరగ్గొట్టుకుంటుంది. లాగితే తెగిపోయే పలచని తోలు పట్టీ వాడాలి, లేదా జూలులో జడలా అల్లేయాలి.

"మా గుర్రానికి మైక్రోచిప్ ఉంది కదా" అన్నాడు బావ. ఉంది, కానీ మెడలో ఉండే ఆ చిప్ 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ. బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. స్కానర్ దగ్గర పెడితే 15 అంకెలు చెబుతుంది, అంతే. గుర్రం ఎవరిదో తేల్చడానికి పనికొస్తుంది, ఎక్కడుందో కాదు.

మ్యాప్‌లు, చెరువులు, ఒక నేవీ స్టేషన్

మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే డేటా లేకపోయినా ఫోన్‌లోని జీపీఎస్ పని చేస్తుందని మీకు చెప్పక్కర్లేదు. గుర్రంతో వెళ్లేటప్పుడు మ్యాప్‌లో చూడాల్సింది రెస్టారెంట్లు కాదు, చెరువులు. గుర్రానికి రోజుకి 30 నుంచి 40 లీటర్ల నీళ్లు కావాలి, ఎండలో ఇంకా ఎక్కువ. శాటిలైట్ వ్యూలో ప్రతి ఊరి చెరువు గుర్తుపెట్టుకున్నాం. కానీ ఆ ఫొటో వానాకాలంలో తీసిందైతే డిసెంబర్‌లో అక్కడ బురదే ఉండొచ్చు. ముందు రోజు పికప్‌లో ఒకసారి తిరిగి రావడం మేలు. తాగించడం మాత్రం మన బకెట్‌తోనే, వేరే పశువుల తొట్టిలో వద్దు. రోగాలు అలాగే అంటుకుంటాయి.

చేవెళ్ల మీదుగా వెళ్లే బీజాపూర్ హైవే మర్రిచెట్ల నీడ ఎంత బాగున్నా, దాని మీద గుర్రంతో వెళ్లకండి. తారు మీద లాడాలు జారతాయి, బస్సు హారన్లు సరేసరి. లోపలి మట్టిబాటలే దిక్కు. నెట్‌లో దొరికే పాత ట్రెక్కింగ్ ట్రాకుల్ని గుడ్డిగా నమ్మొద్దు. పూడూరు దగ్గరి దామగుండం అడవిలో నేవీ వీఎల్‌ఎఫ్ రేడియో స్టేషన్‌కి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. నీళ్ల కింద ఉన్న సబ్‌మెరైన్లకి సందేశాలు పంపే స్టేషన్ అది, తమిళనాడులోని ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో రెండోది. సముద్రానికి ఇంత దూరంలో, మనం గుర్రం మీద వెళ్లే దారి పక్కన సబ్‌మెరైన్ టవర్ అంటే నాకైతే భలే అనిపించింది. కానీ మీ పాత జీపీఎక్స్ ఫైల్‌కి ఆ సంగతి తెలియదు. అనంతగిరిలో కూడా అటవీ శాఖని అడిగాకే లోపలి బాటల్లోకి వెళ్లాలి.

కెమెరాలు, డ్రోన్లు త్వరగా చెప్పేస్తా. డ్రోన్ గుర్రాల దగ్గర ఎగరేయకండి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ లైసెన్స్ అక్కర్లేదన్నది 2021 రూల్స్‌లో ఉంది, గుర్రానికి ఆ రూల్స్ తెలియవు. మనకి వినపడని 33 కిలోహెర్ట్జ్ దాకా అది వింటుంది. సెల్ఫీ స్టిక్ దాని కంటికి కొరడాలా ఉంటుంది. యాక్షన్ కెమెరా ఛాతీ మీద పెట్టుకోండి, హెల్మెట్ మీద వద్దు. హెల్మెట్ అంటే గుర్రపు స్వారీ హెల్మెటే, ఐఎస్‌ఐ మార్కు బైక్ హెల్మెట్ వేరే పనికి తయారైంది. ఇయర్‌బడ్స్ పికప్‌లో వదిలేయండి. గుర్రం చెవులు ఎటు తిరిగాయో చూసి, మీరూ అటు వినాలి.

అన్నిటికంటే చవకైన గ్యాడ్జెట్లు

ట్రిప్ మొత్తంలో ఎక్కువసార్లు వాడింది మెడికల్ షాపులో కొన్న డిజిటల్ థర్మామీటర్. దానికి దారం కట్టి, దారం చివర క్లిప్పు పెట్టి తోకకి తగిలించాలి. ఎందుకో చెప్పను, ఎక్కడ పెట్టి చూస్తారో తెలిస్తే మీకే అర్థమవుతుంది. గుర్రానికి మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీలు ఉండాలి. రెండోది మామూలు స్టెతస్కోప్. ఎడమ మోచేయి వెనక పెట్టి, ఫోన్ స్టాప్‌వాచ్‌లో 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే గుండె వేగం. నిలకడగా ఉన్నప్పుడు 28 నుంచి 44 ఉంటుంది. అంతర్జాతీయ ఎండ్యూరెన్స్ పోటీల్లో విరామం దగ్గర 64కి లేదా అంతకంటే కిందికి దిగితేనే గుర్రాన్ని ముందుకి పంపుతారు. గుర్రాల కోసం బ్లూటూత్ హార్ట్ రేట్ బెల్టులు కూడా ఉన్నాయి, గ్రాఫులు బాగుంటాయి. నేనైతే ఆ డబ్బు ట్రాకర్‌కి పెడతాను.

మూడో రోజు గుట్ట ఎక్కాక బుల్లెట్‌ది 15 సెకన్లకి 19 వచ్చింది, అంటే 76. బావ "ఇంకో నాలుగు కిలోమీటర్లే కదరా బామ్మర్దీ" అన్నాడు. సైస్ అన్న ఏమీ అనకుండా జీను దించేశాడు. పావుగంట నీడలో ఉంచి, మెడ మీద, కాళ్ల మీద నీళ్లు పోస్తే 56కి దిగింది. మిగతా నాలుగు కిలోమీటర్లు బావ పగ్గం పట్టుకుని నడిచాడు. ఈసారి వాచీ లెక్కపెట్టిన అడుగులు ఆయనవే.

పికప్‌లో గుర్రాల వాటా గురించి: నానబెట్టిన ఉలవలు, ఎండుగడ్డి, తౌడు, ఉప్పు, రెండు బకెట్లు, 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము, అదనపు లాడాలు, మేకులు. మేత హఠాత్తుగా మారిస్తే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది, అది ప్రాణం మీదకి కూడా తెస్తుంది. కాబట్టి రోజూ తినేదే మోసుకెళ్లాలి, దారిలో దొరికింది కాదు. కాగితాల్లో వెటర్నరీ డాక్టర్ సర్టిఫికెట్, టీకాల రికార్డు, గ్లాండర్స్ నెగెటివ్ రిపోర్ట్ ఉంచుకోండి. గ్లాండర్స్ గుర్రం నుంచి మనిషికీ సోకే జబ్బు. మన దేశంలో దాని నిర్ధారణ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది, కాబట్టి రిపోర్ట్ ట్రిప్ ముందు రోజు అడిగితే రాదు. ఒరిజినల్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో, ఫొటోలు రెండు ఫోన్లలో. డిజిలాకర్‌లో గుర్రాల సెక్షన్ ఇంకా రాలేదు.

ఇక చివరిది యాప్ కూడా కాదు, అక్క పెట్టిన టైమ్ టేబుల్. ఉదయం బయల్దేరేముందు ఆ రోజు దారి వాట్సాప్‌లో పంపాలి. మధ్యాహ్నం 1కి, సాయంత్రం 5కి మెసేజ్. 5:30 దాకా రాకపోతే అక్క ముందు సైస్ అన్నకి చేస్తుంది, తర్వాత ట్రాకర్ చూస్తుంది, 6కి 112. బావకి, నాకు మాత్రం రైడ్‌లో ఉండగా కాల్ చేయదు. మా ఇద్దరి ఫోన్లూ ఇప్పుడు సైలెంట్‌లోనే ఉంటాయి, వైబ్రేషన్ కూడా ఆఫ్.